మైనస్ పద్దెనిమిది

రొయ్యల ఫ్యాక్టరీ గేటు దాటే ముందు మీరావలి మరోసారి కిందికి దిగి, కంటైనర్ ముందుభాగంలో వెలుగుతున్న ఎర్ర అంకెలు చూశాడు. మైనస్ పద్దెనిమిది. కళ్లద్దాలు తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. ట్రైలర్ కింద బిగించిన చిన్న డీజిల్ ఇంజన్ గురగురమంటోంది. జెన్‌సెట్ అంటారు దాన్ని. అది కరెంటు ఇస్తున్నంతసేపే లోపలి రొయ్యలు రాళ్లలా గడ్డకట్టి ఉంటాయి. అది ఆగి, ఆగినట్టు ఎవరూ చూసుకోకపోతే, సముద్రం దాటి పోవాల్సిన సరుకు దారిలోనే పాడైపోతుంది.

పొద్దున తలుపుల ఇనప కడ్డీలు బిగించినప్పటి నుంచీ ఎడమ భుజం సలుపుతోంది. నరం పట్టేసిందనుకున్నాడు. సలుపు చేతిలోకి దిగుతుంటే ఒకసారి పిడికిలి మూసి తెరిచి, స్టీరింగ్ ముందుకు ఎక్కాడు.

అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టివాడు. గడ్డం తెల్లబడింది గానీ కనుబొమలు ఇంకా నల్లగానే ఉన్నాయి. కిటికీ వైపుండే కుడి మోచెయ్యి ఏళ్ల తరబడి ఎండకు కాలి, ఎడమ మోచేతి కంటే నల్లగా, ఎవరో వేరే మనిషి చెయ్యిలా ఉంటుంది. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు వంకరపోయింది. నేల మీద నడిచేటప్పుడు కొంచెం పక్కకు ఒరుగుతాడు.

వాళ్ల నాన్న పర్చూరు పక్క పల్లెలో పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ దూది దుమ్ము పడక మీరావలి చిన్నప్పుడే లారీ ఎక్కాడు. ఎక్కితే దొరికింది మిరపకాయ దుమ్ము. గుంటూరు యార్డు నుంచి బస్తాలేసుకుని దేశమంతా తిరిగాడు. ఇంట్లో భార్య జానీబీ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. ఇద్దరి చేతులూ మండుతూనే ఉండేవి. పిల్ల షమా ఏడిస్తే కళ్లు తుడవడానికి ఇద్దరిలో ఎవరి వేళ్లూ పనికొచ్చేవి కావు. మోచేత్తో తుడిచేవాళ్లు.

దగ్గు ముదిరాక ఈ చల్లబండికి మారాడు. వాసన లేని సరుకు, ఘాటు లేని సరుకు అని మొదట్లో సంబరపడ్డాడు. తర్వాత తెలిసింది, మిరపకాయల లారీని ఏ తుమ్మచెట్టు కిందైనా ఆపి కునుకు తీయొచ్చు, దీన్ని ఆపడానికి లేదని. ఆఫీసులో కంప్యూటర్ మీద బండి ఒక చుక్కలా కనిపిస్తుందట. చుక్క ఆగితే ఫోన్ మోగుతుంది. నిరుడు బెన్నీ అనే డ్రైవరు అన్నం తిని కునుకు తీశాడు. అతను నిద్రలో ఉండగా ఇంజన్ ఆగింది. సరుకంతా వెనక్కొచ్చింది. బెన్నీని మళ్లీ గేటు లోపలికి రానివ్వలేదు. అప్పటి నుంచీ మీరావలి టోల్‌గేటు వరసలో బండి నిలిచినప్పుడే నాలుగు ముద్దలు నోట్లో వేసుకుంటున్నాడు.

ఒంగోలు దాటుతుండగా షమా ఫోన్ చేసింది. సింగరాయకొండలో ఉంటుంది, మిషన్ కుడుతుంది.

"నాన్నా, ఇవాళైనా దిగుతావా?"

"వచ్చేటప్పుడు దిగుతాలేమ్మా."

"ఎప్పుడూ వచ్చేటప్పుడే. వచ్చేటప్పుడు అర్ధరాత్రి పోతావు. సరే, బ్రిడ్జి దగ్గర నిలబడతా. అన్నం తీసుకో."

అది వాళ్లకు అలవాటే. బండి నెమ్మదిస్తుంది. ఆమె పక్కన నాలుగడుగులు పరిగెత్తి క్యారేజీ అందిస్తుంది. అతను అందుకుంటాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేది అంతసేపే.

టంగుటూరు దగ్గరికొచ్చేసరికి ఎండ కొలిమిలా ఉంది. పొగాకు కొట్టేసిన చేలల్లో మోళ్లు నిలబడి ఉన్నాయి. రోడ్డు మీద నీళ్లున్నట్టు మెరుస్తోంది. జెన్‌సెట్ ఆగిన సంగతి మీరావలికి చెవులకంటే ముందు వెన్నుకు తెలిసింది. సీటులో ఉండాల్సిన అదురు సగం తగ్గింది. బండి పక్కకు తీసి, ట్రైలర్ కిందికి దూరాడు. కాలిన తారు చొక్కాలోంచి వీపును చురుక్కుమనిపించింది. డీజిల్ గొట్టంలో గాలి పట్టింది. చేతిపంపు కొట్టి ఆ గాలి తీయాలి. కొడుతుంటే ఎడమచెయ్యి తనది కానట్టు జారిపోయింది. కుడిచేత్తో కొట్టాడు.

ఫోన్ మోగింది. ఫ్యాక్టరీలో బండ్లు చూసుకునే ఉదయ్ కుమార్.

"మీరావలి గారూ, బండి ఆగిందేంటండీ?"

"గాలి పట్టింది సార్. తీస్తున్నా."

"ఎంతుంది టెంపరేచర్?"

"మైనస్ పదహారుకొచ్చింది."

"అయ్యో, ఇది మిస్సయితే షిప్పు మళ్లీ వారానికండీ. పైనుంచి నన్ను తినేస్తారు. కొంచెం చూడండి, మీకు పుణ్యముంటుంది."

"చూస్తున్నా సార్."

ఇంజన్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. మీరావలి వెంటనే లేవలేదు. నెత్తిన సరుకంతా మోస్తున్న ఆ ఇనప చట్రం కింద, నీడలో అలాగే వెల్లకిలా పడుకున్నాడు. నుదుట చెమట పట్టింది. తుడుచుకుంటే చల్లగా ఉంది. ఇంత ఎండలో చల్లటి చెమటేంటా అనుకున్నాడు. లేచి రోడ్డు పక్కన కొంచెం నీళ్లు కక్కుకున్నాడు. బండెక్కాడు.

బ్రిడ్జి దగ్గర షమా కొంగు బిగించి, క్యారేజీ ఎత్తి పట్టుకుని, పరుగుకు సిద్ధంగా ఉంది. బండి నెమ్మదించింది. ఆమె నాలుగడుగులు పరిగెత్తింది. బండి ఆగింది. పూర్తిగా, పక్కకు తీసి మరీ ఆగింది. తండ్రి కిందికి దిగి, వెనక టైరు దగ్గర వంగి లేచి, ఒరుగుతూ తిరిగొచ్చాడు.

"ఏంటి నాన్నా, ఆ ముఖమేంటి? చొక్కానిండా ఆ డీజిలేంటి?"

"కాసేపు నడుం వాలుస్తానమ్మా."

షమా ఈ మాట అతని నోట ఎన్నడూ వినలేదు. "ఆస్పత్రికి పోదాం పద. ఆటో పిలుస్తా."

"బండిని ఎవరు చూస్తారే?"

"పోతే పోనీ నాన్నా, బండి!"

"ఆగాగు. అరవకు." అతను మెట్టు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "పది నిమిషాలు పడుకుంటా. తర్వాత నువ్వు చెప్పినట్టే చేద్దాం. ఆ చప్పుడు ఆగితే మాత్రం నన్ను లేపు."

ఆమె అతన్ని కేబిన్‌లోకి ఎక్కించింది. సీటు వెనకున్న పలక మీద ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. చిన్నప్పుడు ఈయన లారీలో ఇలాంటి పలక మీదే తను నిద్రపోయేది, మిర్చి బస్తాల ఘాటుకు తుమ్ముతూ. షమా డ్రైవరు సీటులో కూర్చుని, పమిటతో అతనికి విసురుతూ, ఇంజన్ చప్పుడు వింటూ ఉంది. అది ఒక్కోసారి సన్నబడినట్టయ్యేది. మళ్లీ పుంజుకునేది. ఆయన నిద్ర చెడకుండా ఉంటే చాలనుకుంది. చెవులు రెండూ దానికే ఇచ్చి కూర్చుంది. అందుకే ఆ కేబిన్‌లో రెండో చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు తెలియలేదు.

ఫోన్ మోగితే లేపబోయింది. భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేసింది. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్లీ మోగితే ఎత్తింది.

"మీరావలి గారూ, మళ్లీ ఆగారేంటండీ..."

"నేను వాళ్ల అమ్మాయినండీ," అంది షమా. "నాన్న లేవట్లేదు. నాన్న... పోయాడండీ."

ఉదయ్ కుమార్ అంబులెన్స్‌కు తనే ఫోన్ చేస్తానన్నాడు. ఫ్యాక్టరీ నుంచి మనిషిని పంపుతానన్నాడు. పెద్దాయన మంచివాడమ్మా అన్నాడు. ఆ తర్వాత, ఎవరో కొట్టి అడిగిస్తున్నట్టు, చాలా మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. కంటైనర్‌కు ముందువైపు ఎర్ర అంకెలుంటాయి. ఎంతుందో... ఒక్కసారి చూసి చెబుతారా?"

షమా దిగింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"మైనస్ పద్దెనిమిది," అంది.

అంబులెన్స్ అతన్ని జానీబీ దగ్గరికి పర్చూరు తీసుకుపోయింది. షమా చెప్పుల్లేకుండా ఆ వెనక బల్ల మీద కూర్చుని వెళ్లింది. సాయంత్రం లోపలే ఒంగోలు నుంచి దానయ్య అనే డ్రైవరు వచ్చాడు. సీటును తాకి కళ్లకద్దుకున్నాడు. పలక మీదున్న దుప్పటి మడిచి పక్కన పెట్టాడు. సీటు కొంచెం వెనక్కి జరుపుకుని, బండి ముందుకు తీశాడు. కంటైనర్ ఓడ దిక్కుగా కదిలి, లారీల వరసలో కలిసిపోయింది.

మీరావలి వెనక టైరుకు అడ్డం పెట్టిన తుమ్మచెక్క ముక్క అక్కడే, బ్రిడ్జి దగ్గర తారు అంచున, ఒకవైపు టైరు గాట్లు అచ్చుపడి ఉండిపోయింది.