పదకొండో నిమిషం

ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువంటూ లేదు. ఫ్రిజ్ పిడికి తొడుగు, మిక్సీకి తొడుగు, గ్యాస్ సిలిండరుకు కుచ్చుల తొడుగు, టీవీ రిమోటుకు జిప్పు తొడుగు. అత్తగారు ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ, ముందు గదే ఆవిడ షాపు. గుడ్డముక్క మిగిలిందంటే ఆవిడ చేతులు ఊరుకోవు. మామగారు ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే ఆయనకూ ఒకటి కుట్టేస్తుందని ఇంట్లో వాళ్ళు నవ్వుకునేవారు, ఆవిడ చెవిన పడకుండా.

కోడలు ఆ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఎంత సన్నటి నరమైనా మొదటి గుచ్చుకే పట్టేస్తుందని పేరు. చంటిపిల్లల తల్లులు వచ్చి ఆమెనే పిలవమని అడుగుతారు. అంత నిబ్బరం ఉన్న పిల్లకు అత్తగారి ముందు మాత్రం నోరు పెగలదు. అత్తగారు గయ్యాళేమీ కాదు, పల్లెత్తు మాట అనదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కోడలు కాపురానికొచ్చిన మొదటి వారంలో ఒకావిడ జాకెట్టు బిగుతైందని తిరిగి తెచ్చింది. తెచ్చి, మనసు పెట్టి కుట్టలేదని ఒక మాట జారింది. అత్తగారు బ్లేడు తీసి, ఆవిడ కళ్ళెదుటే కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పి, ముక్కలు చక్కగా మడిచి చేతిలో పెట్టింది. ఆ తరువాత ఆ మనిషి వీధిలో ఎదురుపడినా అటు చూపు తిప్పలేదు. ఇది చూశాక కోడలు నాలుకకు తానే తాళం వేసుకుంది.

ముందు గదిలో ఒక మూల కంప్యూటరు ఉంది. వచ్చేపోయేవాళ్ళ కొలతలు రాసుకోవడానికి కొన్న చవక రకం. బొమ్మలు గీయడానికి దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. లెక్కలు చేసే చిప్పే ఆ పనీ చూసుకోవాలి, ఉన్న కాస్త మెమరీలోనే రెండూ సర్దుకోవాలి. కొలతలకైతే అది రాజాలాంటి యంత్రమే. కోడలు దానిమీద కార్ల పందెం ఆడటం మొదలుపెట్టాకే దాని బతుకు బస్టాండు అయింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆ పందెం. ఊళ్ళవతల పుట్టింట్లో ఉన్న తమ్ముడు, ఇక్కడ ఆమె, ఇద్దరూ ఒక జట్టు. ఆమెకు పదేళ్ళు, వాడికి ఏడేళ్ళు ఉన్నప్పుడు ఒకే కుర్చీలో చెరో పక్కన ఒరిగి కూర్చుని, వాడు స్టీరింగు, ఈమె బ్రేకు, అలా ఆడటం మొదలుపెట్టిన జోడీ అది. పెళ్ళయ్యాక ఆమె కోడలైంది, భార్యైంది, ల్యాబులో మేడమ్ అయింది. వారానికి ఒక్క గంట మాత్రం మళ్ళీ పాత అక్క అయ్యేది. ఆ గంట కోసం ఆమె వారమంతా ఎదురుచూసేది.

అలాంటిది వరసగా మూడు ఆదివారాలు ఆమె కారు పందెం మధ్యలోనే చతికిలబడింది. తెర మీద బండి జారదు, ఎగిరెగిరి పడుతుంది. మలుపు కనిపించేసరికి గోడలో ఉంటుంది. ఇంకోసారి ఇలా మధ్యలో ఆగిపోతే జట్టును పోటీలోంచి తీసేస్తామని నిర్వాహకులు తమ్ముడికి రాశారు. ముందుగానే ఆటగాణ్ణి మార్చుకుంటే అభ్యంతరం లేదట. వాడు ఫోనులో నసిగి నసిగి చెప్పాడు, కాలేజీలో ఒకడు సిద్ధంగా ఉన్నాడని. ఈ ఒక్క వారం చూద్దామని ఆమె బతిమాలింది. ఫోను పెట్టేశాక బట్టలు ఆరేసే వంకన డాబా మీదికి వెళ్ళి కాసేపు ఏడ్చింది.

భర్త రంగంలోకి దిగాడు. అతను లిఫ్టు మెకానిక్కు. ఎన్ని అంతస్తుల లిఫ్టయినా ఆపి, మళ్ళీ వేస్తే సగం రోగాలు పోతాయని నమ్మే మనిషి. అది పనిచేయకపోయేసరికి వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. తెర స్పష్టత ఒక మెట్టు తగ్గించాడు. నీడలు తీసేశాడు, పందెం చూసే జనాన్ని తీసేశాడు, చివరికి రోడ్డు పక్క చెట్లను కూడా పీకేశాడు. కరెంటు పొదుపు పద్ధతిలో ఉన్నదాన్ని పూర్తి వేగానికి మార్చాడు. వెనకాల గుట్టుగా నడుస్తున్న ప్రోగ్రాములన్నిటినీ ఇంటికి పంపేశాడు. సెకనుకు పందొమ్మిది బొమ్మలు గీస్తున్న కంప్యూటరు ముప్ఫయ్యొకటికి ఎక్కింది.

అక్కడితో ఆగలేదు. ఆఫీసులో మూలపడ్డ కంప్యూటరులోంచి, అడిగి మరీ, ఇంకో మెమరీ ముక్క తెచ్చాడు. బొమ్మల పని కూడా మెమరీ మీదే నడుస్తుంది కనుక ఒక ముక్క కన్నా రెండు కలిసి పనిచేస్తే దారి రెండింతలు వెడల్పవుతుందని వీడియోలో చెప్పారు. తెచ్చి పాతదాని పక్కనే గుచ్చాడు. వెంట్రుకవాసి కూడా లాభం లేదు. తమ్ముడు ఫోనులో విని, పక్కపక్కన కాదు బావా, మధ్యలో ఒక గాడి వదిలి పెట్టమన్నాడు. అలా పెట్టగానే నలభయ్యెనిమిది. కారు వెన్నమీద కత్తిలా సాగింది. భర్త మీసం దువ్వుకున్నాడు, లేకపోయినా.

కాసేపటికే అది పన్నెండుకు పడిపోయింది.

మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ నలభయ్యెనిమిది, మళ్ళీ పన్నెండు. భర్త చేతులెత్తేశాడు. అప్పుడు నోరు విప్పింది మామగారు. ఆయన ముప్ఫయ్యేళ్ళు బస్సు డిపోలో టైమ్ కీపరుగా చేసి రిటైరయ్యారు. ఏది మొదలైనా చెయ్యి గడియారం మీదికి పోవడం ఆయనకు రోగం. అన్నం ఎన్ని నిమిషాలకు ఉడికిందో, పాలవాడు ఎన్ని నిమిషాలు ఆలస్యమో, అన్నీ జేబు పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం తెరిచి కోడలికి చూపించారు. మూడు రోజులు, తొమ్మిది ఆటలు. తొమ్మిదిసార్లూ వేగం పడిపోయింది పదకొండో నిమిషంలోనే.

"డ్రైవరు తప్పయితే రోజుకో చోట ఆగుతుందమ్మా," అన్నారాయన. "రోజూ ఒక్కచోటే ఆగిందంటే బండి వేడెక్కుతోందన్న మాట."

కోడలు వేడి చూపించే ప్రోగ్రాము ఒకటి పెట్టి చూసింది. తొంభయ్యెనిమిది డిగ్రీలు. చిప్పు కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి పని తగ్గించేస్తోంది. పెట్టె లోపల దుమ్ము పిసరంత లేదు, ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది. మరి ఆ వేడి ఎటూ పోకుండా పట్టుకున్నదేమిటో అందరికీ ఒకేసారి కనిపించింది. ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు.

కంప్యూటరు పెట్టెకు అత్తగారు కుట్టిన తొడుగు. మధ్యలో దూది పరిచి, గళ్ళు గళ్ళుగా కుట్టి, లోపల అస్తరు వేసి, అంచుకు పైపింగు తిప్పి, కింద నాడాలతో నాలుగు ముడులు వేసిన తొడుగు. వైర్లు వచ్చేచోట కొలిచి కాజాలు తీసింది. మీట నొక్కడానికి చిన్న కిటికీ పెట్టింది. గాలి పోవాల్సిన సన్నటి రంధ్రాలను మాత్రం నూలు పీచు దూరే దారులనుకుని పొందికగా మూసేసింది. పైగా అది కోడలికి మొదటిసారి కుట్టిన జాకెట్టులో మిగిలిన నీలం గుడ్డ. నువ్వు కూర్చునే చోటు కదా అని, ఆవిడ ఆ ఎనిమిది నెలల్లో అన్న ఒకే ఒక్క ముద్దు మాట దాని గురించే.

తొడుగు తీస్తే డెబ్బయ్యొక్క డిగ్రీలు. అరగంట ఆడినా బండి తొణకలేదు, బెణకలేదు.

చెప్పేదెవరు? తనకేం పట్టిందన్నట్టు భర్త లిఫ్టు పిలుపు వచ్చిందన్నాడు. మామగారు ఆ మాట చెప్పే వయసు తనకు దాటిపోయిందన్నారు. దాంతో ముగ్గురూ దొంగల ముఠా కట్టారు. అత్తగారు దారాలూ గుండీలూ కొనడానికి గడప దాటితే మామగారు కిటికీ దగ్గర కాపలా. భర్త నాలుగు ముడులూ విప్పి తొడుగు మంచం కింద దాచడం. వీధి మలుపులో ఆవిడ కనపడగానే మామగారు దగ్గడం, భర్త గబగబా తొడిగి ముడులు వేయడం. ఆవిడ వచ్చేసరికి ఒకరు పేపరు, ఒకరు ఫోను, కోడలు కూరగాయలు. అంత క్రమశిక్షణ ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఆదివారం వచ్చింది. ఆ రోజు మాత్రం అత్తగారు ఇల్లు కదల్లేదు. అర్జెంటు బట్టలున్నాయని మిషను ముందు పాతుకుపోయి కూర్చుంది. మూడున్నరకు మామగారు వెళ్ళి, బజారులో జరీ అంచులు దిగాయట, చూసొద్దామా అన్నారు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన బజారుకు రమ్మని పిలవడం అదే మొదలు. ఆవిడ అద్దాల మీంచి ఒక చూపు చూసింది. ఆయన జరీ మాట మరిచిపోయి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోయారు.

నాలుగుకు పది నిమిషాలుంది. కోడలు ఆట తెరిచి కంప్యూటరు ముందు కూర్చుంది, పెట్టె అప్పటికే వేడెక్కుతోంది. నీలం తొడుగు పక్కనే, నాలుగు ముడులతో. ఆట పాతిక నిమిషాలు, తన బండి నడిచేది పదకొండు. ఫోను తీసుకుని తమ్ముడికి రాసింది, కరెంటు లేదురా, వాణ్ణి తీసుకో అని. పంపే చోట వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అక్క వాడికి చెప్పిన అబద్ధం లేదు. మొదటి అబద్ధం, అదీ వాణ్ణి వదులుకోవడానికి చెప్పాలా అనిపించింది. రాసింది చెరిపేసి, లేచి మిషను దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, ఒక మాట. మీరు కుట్టిన తొడుగు చాలా బాగుంది. కానీ అది వేసుంటే కంప్యూటరు వేడెక్కి ఆగిపోతోంది. నాలుగింటికి తమ్ముడితో ఆట ఉంది. ఇవాళ కూడా ఆగిపోతే వాడు వేరేవాళ్ళతో ఆడాలి. నాకది ఇష్టం లేదు."

మిషను ఆగింది. వంటింటి గుమ్మంలో మామగారు గ్లాసు పట్టుకుని నిలుచుండిపోయారు. భర్త ఫోనులో తల దూర్చాడు. అత్తగారు లేచి, తిన్నగా కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, తొడుగు లోపలికి చెయ్యి పోనిచ్చి పెట్టెకు అరచెయ్యి ఆనించింది. ఇస్త్రీపెట్టె కాగిందో లేదో చూసే అలవాటున్న చెయ్యి. వెంటనే వెనక్కి తీసుకుంది. తరువాత ముడులు చూసింది.

"ఈ ముడులు నావి కావు," అంది. "ఎన్ని రోజులబట్టి?"

మామగారు గడియారం చూసుకున్నారు, రోజులు అందులో దొరుకుతాయన్నట్టు.

"మూడు రోజులు," అంది కోడలు. "మీరు బజారుకెళ్ళినప్పుడల్లా తీసి, వచ్చేలోపు మళ్ళీ వేశాం."

"ఆడేటప్పుడు తీసేసి, ఆపాక వేస్తే సరిపోయేదానికి ముగ్గురూ కలిసి ఇంత నాటకమా?" ఆవిడ గొంతు గట్టిగా లేదు. "నేనంత భయపెడతానా?"

ఆ ప్రశ్నకు ముందుగా దొరికిపోయింది మామగారు. ఆయన గ్లాసు కింద పెట్టి, ఇంతదాకా వచ్చింది కాబట్టి చెప్పేస్తున్నానని, ఆవిడ కుట్టిన గీతల చొక్కా చంకల్లో పట్టేస్తోందని, పదకొండేళ్ళుగా చెయ్యి పైకెత్తకుండా నెట్టుకొస్తున్నానని ఒప్పుకున్నారు. ధైర్యం అంటువ్యాధి కాబోలు, కొడుకు కూడా ఫోనుకు కుట్టిన తొడుగు వల్ల తనకు సగం పిలుపులు వినిపించవన్నాడు. అత్తగారు ఒకరి తరువాత ఒకరిని చూసింది. కోపం వస్తుందని అందరూ కాచుకున్నారు. వచ్చింది నవ్వు. ముందు ముక్కులో మొదలై, ఆపుకోలేక, కుర్చీ పట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు అడుగున కాస్త బాధ కూడా ఉంది, అది కోడలికి తెలిసింది.

నాలుగు ముడులూ ఆవిడే విప్పింది.

పందెం మొదలైంది. అత్తగారు మిషను దగ్గరికి తిరిగి వెళ్ళకుండా కోడలి వెనకాలే నిలబడింది. మామగారు గడియారం చేత్తో పట్టుకున్నారు. పదో నిమిషం. కోడలి వేళ్ళు బిగుసుకున్నాయి. పదకొండు. కారు అదే నునుపుతో మలుపు తిరిగింది. పన్నెండు అని మామగారు గుసగుసగా అన్నారు. ఆ తరువాత ఆమె గడియారాన్ని మరిచిపోయింది, ఇంటిని మరిచిపోయింది. రేయ్ ఎడమకి రారా, నేను అడ్డం ఉంటా, నువ్వు పో, పోరా అంటూ గొంతెత్తి అరిచింది. అవతల తమ్ముడు, అక్కా వాడొస్తున్నాడు, ఆపు వాణ్ణి, ఆపక్కా అని అరుపు. చివరి మలుపులో ఆమె, తమ్ముణ్ణి తరుముకొస్తున్న ఎర్రకారుకు దారివ్వకుండా అడ్డంగా నిలిచింది. తమ్ముడు ఆ సందులోంచి దూసుకుపోయాడు.

వాడు మూడో స్థానం, అడ్డం నిలిచి వెనకబడ్డ ఆమె తొమ్మిదో స్థానం. ఇద్దరూ గీత దాటారు, జట్టు నిలిచింది. కోడలు కుర్చీలోనే వెనక్కి వాలి, పగలబడి నవ్వింది. పదేళ్ళప్పుడు సగం కుర్చీలో కూర్చుని నవ్విన నవ్వు అది. అవతల తమ్ముడు కూడా నవ్వుతూనే, కాలేజీవాడికి నేను సరేనని చెప్పనేలేదక్కా, నువ్వాగిపోతే నేనూ మానేద్దామనుకున్నా అన్నాడు.

కాసేపటికి తను ఎక్కడుందో గుర్తొచ్చింది. చటుక్కున లేచి, వీధంతా వినిపించేలా అరిచాను, తప్పయింది అత్తయ్యా అంది.

అత్తగారు ఆమెను భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టింది.

"వచ్చి ఎనిమిది నెలలైంది. నీ గొంతు ఇలా ఉంటుందని నాకివాళే తెలిసింది," అంది. "అది నాకు వినపడకుండా నేనే చేసుకున్నానన్న మాట. ఇంకో ఆట ఉంటే ఆడు, కూర్చుంటాను."

అని, అర్జెంటు బట్టలన్నీ పక్కకు నెట్టి, స్టూలు లాక్కుని కోడలి పక్కన కూర్చుంది.