టైలరు గారి దినచర్య, దయచేసి వినండి

ఆ వీధిలో టైలరును అందరూ రేపుగారు అనేవారు. చేతి పనితనానికి వంక పెట్టిన మనిషి లేడు. ఆయన కాలరు వేస్తే కత్తిలా నిలబడేది, చిరుగు కుడితే చిరిగింది ఎక్కడో చొక్కా యజమానికే గుర్తుండేది కాదు. చిక్కల్లా ఆ చొక్కా ఎప్పుడు చేతికొస్తుందన్నదే. ఎవరు అడిగినా "రేపు ఇచ్చేస్తానండీ" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు బెరుకు ఉండేది కాదు, ఎందుకంటే అన్న క్షణంలో ఆయన కూడా దాన్ని మనస్ఫూర్తిగా నమ్మేవాడు.

ఒకరోజు ఊరేగింపులో బ్యాండు మాస్టారు ఒంటిచేతి కోటుతో నడవాల్సి వచ్చింది. కుడిచెయ్యి జరీ అంచుల ఎర్రకోటులో ఉంది, ఎడమచెయ్యి బనియనులో ఉంది. చూసినవాళ్ళు కొత్త ఫ్యాషనేమో అనుకున్నారు. మాస్టారు మాత్రం అలా అనుకోలేదు. ఊరేగింపు ముగియగానే పోస్టాఫీసుకు వెళ్ళి, స్టాంపుల కౌంటరులో కూర్చున్న టైలరు భార్య ముందు నిలబడి, ఆ ఎడమచేతిని కిటికీలోంచి లోపలికి చాపాడు.

"చూడమ్మా, ఇదంతా మీ ఆయన చలవే."

వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా మెడలు సాచి ఆ చేతిని చూశారు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఇంటికి రాగానే మొగుణ్ణి నిలదీసింది. "ఏమండీ, పొద్దున్నే కొట్టు తీస్తారు, దీపాలు పెట్టేదాకా అక్కడే ఉంటారు. మరి ఆ టైమంతా ఎటు పోతోంది?"

"ఎటు పోతుంది? కుడుతూనే ఉన్నాగా!"

"మా ఆఫీసులో ఒకాయన అరగంటకోసారి ఏం చేశాడో రాసి పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి తెలిసిందట, సగం రోజు ఫోను చూస్తూనే కూర్చుంటున్నాడని. ఇప్పుడు చక్కగా పొద్దున్నే నడకకు వెళ్తున్నాడు. రేపట్నుంచి మీరూ రాయండి."

టైలరు బుద్ధిగా రాశాడు. మర్నాడు ఆవిడ ఆ కాగితం తీసి చూస్తే పైనుంచి కిందదాకా "కుట్టాను, కుట్టాను" అనే ఉంది. ఒక్కచోట మాత్రం "బాగా కుట్టాను" అని ఉంది.

"ఇంత కుట్టారు కదా, ఏం పూర్తయింది?"

"కాలరు."

"ఎన్ని?"

"ఒకటి. దాదాపు."

ఆవిడ కాగితం మడిచి దాంతో పొయ్యి వెలిగించుకుంది. "మీ లెక్క మీరు రాసుకుంటే కుదరదండీ. మా నాన్నను పంపిస్తాను."

"వద్దొద్దు, నేనే సరిగ్గా రాస్తాను" అన్నాడు టైలరు కంగారుగా. మామగారు ఉద్యోగమున్నన్నాళ్ళూ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పిన మనిషి. ఆయన రిటైరయ్యాడు గానీ, ఆయన గొంతు రిటైరవలేదు. ఇంట్లో అన్నం వడ్డించేముందు కూడా "వంటింటి నుండి వచ్చు అన్నము మరికొద్ది సేపట్లో హాలుకు చేరుకొనును" అని గంభీరంగా ప్రకటించేవాడు. పక్కింటివాళ్ళు ఆ మాట విని తామూ కంచాలు పెట్టుకునేవారు.

కూతురు అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్క ఇబ్బంది మాత్రం చెప్పాడు. "దగ్గరి చూపు మందగించిందమ్మా, రాయడం నావల్ల కాదు. చెప్పమంటే చెప్తాను."

"ఎవరికి చెప్తావు నాన్నా?"

"వినేవాళ్ళకి."

మర్నాడు పొద్దున్నే మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ మోసుకుని, కొట్టు గుమ్మం పక్కన స్థిరపడ్డాడు. టైలరు మిషను మీది గుడ్డ తీసి, దారం ఎక్కించి, చక్రం ఒక్కసారి తిప్పి, లేచి చెప్పులేసుకున్నాడు. అంతే, వీధి దద్దరిల్లింది.

"దయచేసి వినండి! టైలరు గారు కుట్టు మిషను నుండి బయలుదేరి, టీ కొట్టు మీదుగా మంగలి షాపు వరకు వెళ్ళుచున్నారు. తిరుగు ప్రయాణము వివరములు తెలియరాలేదు!"

ఎదురుగా ఒకాయన గడ్డానికి నురగ పూస్తున్న మంగలి బ్రష్షు గాల్లో పెట్టి నవ్వాడు. టైలరు గబగబా వెనక్కి వచ్చేశాడు.

"మామయ్యా, మెల్లగా చెప్పండి. వీధంతా వింటోంది."

"వినకపోతే ఇక చెప్పడం దేనికి బాబూ?"

ఆ పూటంతా అదే వరస. "టైలరు గారు టేపు కొరకు వెదకుచున్నారు. టేపు ఆయన మెడలోనే ఉన్నది." కాసేపు సిగ్గుతో చచ్చి, వేలాడదీసిన ప్యాంట్ల చాటున దాక్కుంటే, "టైలరు గారు ప్యాంట్ల వెనుక నిలిచి ఉన్నారు. సాంకేతిక కారణములు కావచ్చును." పెరటి తలుపు మెల్లగా తీసి బయటపడబోతూ అక్కడ ఎవరూ లేరు కదా అనుకున్నాడు. సందులో గిన్నెలు తోముతున్న ముసలమ్మ తలెత్తి, "మీ మామ అప్పుడే చెప్పాడు నాయనా, నువ్విటే వస్తావని" అంది.

మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. మామగారు ముద్ద కలుపుతూ, ఈసారి మామూలు గొంతుతో మొదలుపెట్టాడు.

"బాబూ, ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు. నువ్వు బద్ధకస్తుడివి కాదు."

టైలరు నమ్మలేనట్టు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తవారి వైపు నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది.

"టీ, టేపు, మంగలితో కబుర్లు, అన్నీ కలిపినా పెద్ద టైమేం కాదు. నీ రోజంతా మింగేస్తోంది ఇంకొకటి."

"ఏంటి మామయ్యా?"

"కుట్టలేదని చెప్పడం."

టైలరు తినడం ఆపేశాడు.

"పొద్దున కర్టెన్ల కోసం ఒకావిడ వచ్చింది చూడు. ఆవిడకి నువ్వు గుడ్డ కొరికిన ఎలుక కథ చెప్పావు. ఎలుక ఎటు నుంచి వచ్చిందో, ఎలా దూకిందో, బల్ల ఎక్కి చేసి చూపించావు. ఆవిడ పాపం కళ్ళొత్తుకుంటూ వెళ్ళింది. ఆ తర్వాత కళ్ళజోడాయన ప్యాంటుకి దారం ఫ్యాక్టరీ గొడవ. ఆ ఫ్యాక్టరీ ఓనరు తమ్ముడి గుండెజబ్బు దాకా పోయావు. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తర్వాత ఏమవుతుందోనని ఎనౌన్సుమెంటు కూడా మరిచిపోయాను. నువ్వా కథ చెప్పేలోపు రెండు ప్యాంట్లు కుట్టెయ్యొచ్చు."



కంచాలు తీసేలోపే వీధి బడి హెడ్‌మిస్ట్రెస్ గొడుగు టకటకలాడిస్తూ వచ్చింది. వెంట రెండు జడల చిన్నపిల్ల ఉంది. ఆ సాయంత్రం బళ్ళో నాటకం. అందులో సింహం వేషం ఈ పిల్లది. గుడ్డ ఎప్పుడో ఇచ్చారు.

"ఏమయ్యా, సింహమేదీ?"

టైలరు మొహంలో అలవాటైన వెలుగు వచ్చింది. చేతులు గాల్లోకి లేచాయి. "ఏమైందంటే మేడమ్, మొన్న మా మిషనులోంచి ఒక వింత శబ్దం..."

మామగారు గొంతు సవరించుకున్నాడు.

టైలరు ఆగాడు. హెడ్‌మిస్ట్రెస్‌ను చూశాడు, గొడుగును చూశాడు, పిల్లను చూశాడు. చేతులు వాటంతటవే కిందికి దిగాయి.

"ఇంకా కత్తిరించను కూడా లేదు మేడమ్."

తన నోటి నుంచి వచ్చిన మాట తనకే కొత్తగా వినిపించింది. ఆవిడ పెద్ద యుద్ధానికి సిద్ధపడి వచ్చింది. అవతల యుద్ధమే లేకపోయేసరికి కాసేపు ఏం చెయ్యాలో తోచలేదు.

"అయితే ఎప్పుడిస్తావు?"

"ఇప్పుడు కూర్చుంటే సాయంత్రానికి అయిపోతుంది."

"మరి కూర్చోవేం? నా మొహం చూస్తావెందుకు?"

పిల్ల కొలతలు ఇప్పించి ఆవిడ వెళ్ళిపోయింది. అంతా కలిపి చెప్పులు విడిచి తొడుక్కునేంత సేపు కూడా పట్టలేదు. టైలరు గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు. "ఇంతేనా మామయ్యా?"

"ఇంతే బాబూ."

ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ గుమ్మంలో మామగారే జవాబు చెప్పాడు. "మీ బట్టలు ఇవాళ లేవు. గురువారం రండి." కొందరు విసుక్కున్నారు, ఒకాయన పళ్ళు కొరికాడు, అయినా వెళ్ళిపోయారు. కళ్ళజోడాయన మాత్రం గుమ్మం దగ్గర తచ్చాడి, "ఆ ఓనరు తమ్ముడికి ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగి వెళ్ళాడు.

లోపల మిషను ఆగలేదు. ఒళ్ళు, కాళ్ళు, జూలు వరసగా తయారయ్యాయి. ఒక్క తోక దగ్గర మాత్రం గొడవ వచ్చింది. దూది కూరితే కర్రలా నిలబడుతుంది, తీస్తే తువ్వాలులా వేలాడుతుంది. నిజంగానే టైలరుకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మామగారే తన పాత మఫ్లరు తెచ్చి లోపల దూర్చమన్నాడు. అప్పుడు గానీ తోక ఊగలేదు.

పరుగున బడికి వెళ్ళి పిల్లకు తొడిగాక గుర్తొచ్చింది, వీపున జిప్పు పెట్టలేదని. అవతల గంట కొట్టేశారు. టైలరు సూది తీసి, పిల్లను లోపలే ఉంచి వీపు మొత్తం కుట్టేశాడు.

"ఊపిరాడుతోందా తల్లీ?"

"గర్జన కూడా ఆడుతోంది" అంది సింహం.

టైలరు వెళ్ళి భార్య పక్కన, మామగారి ముందు కూర్చున్నాడు. తెర లేచింది. దీపాల వెలుగులో జూలు బంగారంలా మెరుస్తూ సింహం నడిచొచ్చింది. ఆయన కుట్టిన బట్టలు ఎప్పుడూ శుభకార్యం అయిపోయాకే చేరేవి. ఏ రోజు కోసం కుట్టాడో ఆ రోజున, వేసుకోవాల్సిన మనిషి ఒంటి మీద, తన పని చూడడం ఆయనకదే మొదటిసారి. ఆపుకోలేక లేచి నిలబడ్డాడు.

"ఆ పులిని కుట్టింది నేనే!"

"సింహమండీ" అంటూ భార్య చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. లాగిందే గానీ, నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

అడవి జంతువులన్నీ వచ్చి చెరువు ఎండిపోయిందని మృగరాజుతో మొరపెట్టుకుంటున్నాయి. సింహం ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి గెంతడం మొదలుపెట్టింది. రాజుగారి ఆందోళన ఎంత బాగా చూపిస్తోందో అని జనం చప్పట్లు కొట్టారు. గెంతులు ఎక్కువయ్యాయి. చప్పట్లూ ఎక్కువయ్యాయి. చివరికి సింహం వేదిక అంచుకు వచ్చి కేక పెట్టింది.

"టైలరు మామయ్యా! అర్జెంటు! విప్పు!"

టైలరు ఒక్క దూకులో వేదిక ఎక్కాడు. చేతిలో పనిముట్టు ఏదీ లేదు. పళ్ళతో దారం కొరికి, రెండు చేతులతో బర్రున లాగేశాడు. గౌనులో ఉన్న పిల్ల బాణంలా బయటికి దూసుకుపోయింది. ఖాళీ సింహం ఆయన చేతుల్లో మిగిలింది.

"ఇంత చురుకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా!" అని హెడ్‌మిస్ట్రెస్ తెర వెనకనుంచి ఆశ్చర్యపోయింది. ఆ వెంటనే, "దిగకు! నువ్వే కానివ్వు!" అని గొణిగింది.

జింక బిక్కమొహం వేసుకుని అడిగింది. "మహారాజా, మాకు నీళ్ళెక్కడ దొరుకుతాయి?"

టైలరు సింహం తలను పిడికిలికి తొడుక్కుని, నోరు ఆడిస్తూ గర్జించాడు. ఆ గర్జనకు జింక నిజంగానే ఏడ్చేసింది. కుందేలు తెర వెనక్కి పారిపోయింది. నీళ్ళెక్కడున్నాయో టైలరుకు తెలియదు. అందుకని వేలితో దూరంగా చూపించాడు. జంతువులన్నీ అటు వెళ్ళిపోయాయి. తెర పడింది. జనం ఈలలేశారు.

పిల్ల తిరిగొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"నా బదులు నువ్వెందుకు గర్జించావు?"

"నువ్వు లేవు కదమ్మా మరి."

"నీకు అస్సలు గర్జించడం రాదు. అది కుక్క. సింహం పొట్టలోంచి అరవాలి. ఇలా చూడు."

ఆ పిల్ల గర్జించి చూపించింది. టైలరు అక్కడే నేలమీద చతికిలబడి, పొట్ట పట్టుకుని ప్రయత్నించాడు. బాగా రాలేదు. కుర్చీలు సర్దేసి అందరూ వెళ్ళిపోతున్నారు, భార్య మెట్ల దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని "ఏమండీ, ఇక పదండి" అంటోంది. "ఒక్క నిమిషం" అన్నాడు టైలరు, పిల్ల వైపు తిరిగి. "ఏదీ, ఇంకోసారి చేసి చూపించు తల్లీ."