గడ్డం చీమ

ఎడారి చీమలకు సాన్పి చల్లిన మనిషి ఇబ్రహీంపట్నం మొత్తం మీద సిద్దమ్మ ఒక్కతే అయ్యుంటుంది. పొద్దున్నే వాకిట్లో పేడనీళ్లు చల్లుతూ చల్లుతూ, అరుగు మీది గాజుపెట్టెలో ఇసుక ఎండిపోయి కనిపించేసరికి, మూత తీసి అందులోనూ ఓ దోసెడు కుమ్మరించింది.

"మస్తు ఎండిపోయినయ్ బిడ్డా. జర సల్లవడుతయని పోసిన," అంది, మహా ఉపకారం చేసినట్టు.

కూతురు కరుణ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. పరిశోధన కోసం రాజస్థాన్ ఎడారిలో తిరిగి తిరిగి పట్టుకొచ్చిన చీమలవి. పిట్ట కూడా నీడ వదలని మిట్టమధ్యాహ్నం, ఇసుక మీంచి వేడి వణుకుతూ లేస్తుంటే, గడ్డిగింజలు మోసుకుంటూ వరసగా వచ్చాయి. అప్పటినుంచి కన్ను మూస్తే చాలు, ఆ నల్లటి బారు ఆమె రెప్పల లోపల నడుస్తూనే ఉంది. శేరిగూడ బస్సులో కునుకు పడితే, కిటికీ బయటి ప్లాట్లన్నీ ఇసుకదిబ్బలై తేలిపోయేవి.

ఆ ఎడారిలో ఇంతవరకూ తెలిసిన గింజల చీమలన్నిటికీ గడ్డం కింద పొడుగు వెంట్రుకలుంటాయి. స్పిరిట్‌లో ఉంచిన చచ్చిన చీమను ఎన్నిసార్లు తిప్పి చూసినా గడ్డం నున్నగానే కనిపించింది. అంటే ఇది ఎవరూ ఎరగని జాతి కావచ్చు. అదే నిజమైతే పేరు పెట్టే హక్కు కరుణదే. ఏం పేరో ఎప్పుడో అనుకుంది కూడా. పెద్దచెరువులో వల వేసి తనను చదివించి, రెండేళ్ల కింద కన్నుమూసిన బాపు బిక్షం పేరు. ఆయనకు గుంటెడు భూమి లేదు, ఎక్కడా ఒక రాయి మీద పేరు లేదు. చీమ మీదైనా ఆ పేరు నిలవాలని ఆమె పిచ్చి ఆశ.

చీమలు బతికాయో లేదో చూద్దామని భూతద్దం తెచ్చి పెట్టెకు ఆనించింది. బతికే ఉన్నాయి. పుట్టలోకి నీళ్లు దిగినట్టున్నాయి, తడి ఇసుకను ఉండలుగా బయటికి మోస్తున్నాయి. ఎండ ఏటవాలుగా పడి పెట్టెలో ఇసుక పసుపు కలిపిన పిండిలా వెలుగుతోంది. ఎంతసేపు చూసిందో తెలియదు. తనే ఆ ఇసుకలో నడుస్తున్నట్టు, ముందు ఎవరో భుజం మీద తడి వల వేసుకుని పోతున్నట్టు అనిపించింది. పిలుద్దామనుకుంది.

అంతలో ఒక చీమ గాజు దగ్గరికొచ్చి తలెత్తింది. నోట కరిచిన ఇసుక ఉండ కింద, గడ్డానికి బుట్ట అల్లినట్టు పొడుగాటి వెంట్రుకలు. స్పిరిట్‌లో అవి తలకు అంటుకుపోయి కనబడలేదు, అంతే. కరుణ భూతద్దం కింద పెట్టేసింది.

"ఏమైంది బిడ్డా?"

"ఇది కొత్తది కాదమ్మా. ఎవరో ఎన్నడో పేరు పెట్టిండ్రు. నేనేమో బాపు పేరు పెడదామనుకున్న."

ఏడుపు ఆగలేదు. మొగుని పేరు నోట పలకకూడదని పెళ్లినాడు పెద్దవాళ్లు చెప్పిన మాట సిద్దమ్మ ఇన్నేళ్లూ తప్పలేదు. ఆయన పోయిన రోజు దవాఖానలో పేరు అడిగితే కూడా కూతురి వైపు చూపించి ఊరుకుంది. ఇప్పుడు లోపలికి వెళ్లి చిటికెడు నూకలు తెచ్చి, పెట్టె పక్కన కూర్చుని మూత తీసింది.

గాజు దగ్గరున్న చీమ ముందు ఒక నూక పెట్టి, "బిక్షం," అంది మెల్లగా. "తిను."