తలుపు వెనక బుట్ట

కోడలు పిల్లవాడికి పాలు పట్టి, గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసిందంటే చాలు, కసియెం అక్క చేయి ఆగిపోయేది. చేతిలోని చాంతింగ్ అనే మైనం కలం నుంచి వేడి మైనం బట్ట మీద బొట్టుగా పడేది. అదే పొయ్యి దగ్గర, ఆమె పక్కనే కూర్చుని నేనూ బాతిక్ బట్టల మీద మైనంతో బొమ్మలు గీస్తాను కనుక చెబుతున్నాను, అక్క బట్ట మీద బొట్టు పడటం లవెయన్ వీధిలో అంతకుముందు ఎవరూ ఎరగరు.

"విన్నావా, చప్పుడు లేదు," అనేది.

"పిల్లాడు ఆడుకుంటున్నాడేమో అక్కా."

"ఆడుకుంటే చప్పుడవదూ? తల్లన్నాక ఒక మాటో పాటో ఉండదూ? అది నోరు కుట్టేసుకుని వాణ్ణే చూస్తూ కూచుంటుంది. సందులోంచి చూశాలే. ఏదో నేర్పుతోంది వాడికి."

కోడలు వెనింగ్‌ది సెమరాంగ్ పట్నం. వాళ్ళమ్మ అక్కడ కాన్పులు చేసే నర్సు. బిడ్డ పుట్టాక వెనింగ్ ఫోనులో చూసి మాంటిసోరి ఆటలు నేర్చుకుంది. ప్లాస్టిక్ బొమ్మలు వద్దంది. వెదురుబుట్టలో చెక్క గరిటె, కొబ్బరిచిప్ప, బీరపీచు, ఇంట్లో దొరికే ఇలాంటివే ఇంకొన్ని పెట్టి పిల్లవాడి ముందు ఉంచుతుంది. చేతికి ఏదీ అందివ్వదు. వాడే తీసుకోవాలి, వాడే వదిలేయాలి. ఎవరైనా తొంగిచూస్తే వాడి ధ్యాస చెదురుతుందని తలుపు వేస్తుంది. ఇదంతా నాకు వెనింగే చెప్పింది. నేను అక్కకు చెప్పాను, అక్క నమ్మలేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా.

అసలు గొడవ చాప దగ్గరే మొదలైంది. ఏడో నెల నిండి, తొలిసారి నేల మీద కాలు మోపించే తెడక్ సితెన్ వేడుక జరిగేదాకా బిడ్డ కాలు నేలకు తగలకూడదు కదా. వెనింగ్ వాణ్ణి చాప మీద దించుతోందని అక్క అరిచింది.

"చాప నేల కాదు కదమ్మా," అంది కోడలు.

"చాప కిందేముంది మరి, ఆకాశమా?" అంది అక్క.

అక్క భయం చాప గురించి కాదని నాకు తెలుసు. వేడుకలో బిడ్డను కోళ్ళ పంజరంలో కూర్చోబెట్టి చుట్టూ వస్తువులు పెడతారు. వాడు ఏది పట్టుకుంటే ఆ పనిలో పైకొస్తాడు. అక్కకు ఒక్కడే కొడుకు, ఫోన్లు బాగుచేస్తాడు. మైనం వాసనకే తుమ్ముతాడు. తల్లి నుంచి తనకొచ్చిన పని తనతోనే పోతుందని ఆమె ఏళ్ళ తరబడి కుమిలిపోతోంది. మనవడు లింతాంగ్ పంజరంలో చాంతింగ్ పట్టుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనేది.

ఒకరోజు వెనింగ్ బుట్టను గుడ్డ కప్పి తీసుకెళ్తుంటే, కొయ్య గొట్టం ఒకటి బయటికి కనిపించింది. నర్సులు గర్భిణి కడుపు మీద పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావా? వాళ్ళమ్మ పంపింది. వాణ్ణి డాక్టర్ని చెయ్యాలని తల్లీకూతుళ్ళ ఎత్తు. రోజూ దాన్నే వాడిచేత పట్టించి అలవాటు చేస్తోంది."

"పిల్లాడు చప్పరించడానికి పెట్టుంటుంది అక్కా."

"నువ్వూ దాని పక్షమేనా?"

ఆ మర్నాటి నుంచి అక్క తన ఎత్తు తాను వేసింది. వెనింగ్ స్నానానికి వెళ్ళగానే మొన తీసేసిన పాత చాంతింగ్ పిడికి బెల్లప్పాకం రాసి మనవడి నోటికి అందించేది. వాడు కళ్ళు మూసుకుని చప్పరించేవాడు. "చూడు, ఎలా పట్టుకున్నాడో," అని మురిసిపోయేది. అది పనితనం కాదు, బెల్లం రుచి అన్నాను. అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇక వెనింగ్ ఏ మాటన్నా, గుమ్మడికాయల దొంగలా అక్క భుజాలు తడుముకునేది.

వేడుక రోజు ముంగిలి నిండా చుట్టాలు. లింతాంగ్‌ను రంగురంగుల జిగట అన్నం మీద నడిపించారు, చెరకు నిచ్చెన ఎక్కించారు, పంజరంలో కూర్చోబెట్టారు. వాడి ముందు దువ్వెన, పెన్ను, అద్దం, కొయ్య గొట్టం పెట్టారు. కొత్త చాంతింగ్‌ను పూలనీళ్ళతో కడిగి అక్క తన చేత్తోనే పెట్టింది.

వాడు తిన్నగా చాంతింగ్ మీదికే పాకాడు. అక్క నా చెయ్యి పట్టుకుంది. వాడు పిడిని నోట్లో పెట్టుకున్నాడు, చప్పరించాడు, మొహం చిట్లించాడు. మళ్ళీ చప్పరించి, ఒక్క కేక పెట్టి దాన్ని పంజరం బయటికి విసిరేశాడు. తర్వాత ఏడుస్తూనే దువ్వెన అందుకున్నాడు. "మంగలి పుట్టాడు," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

చుట్టాలు తిండి దగ్గరికి వెళ్ళగానే అక్క కోడల్ని వంటింట్లో నిలదీసింది. నేను అక్కడే ఉన్నాను.

"విసిరెయ్యమని నువ్వే నేర్పావు కదూ?"

వెనింగ్ ముందు అర్థంకానట్టు చూసింది. తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేనా అమ్మా? మొదటి రోజు నుంచీ బుట్టలో ఓ చాంతింగ్ పెడుతున్నాను. అన్నీ వదిలేసి ముందు దాన్నే తీసేవాడు. అటూ ఇటూ తిప్పుకుంటూ, అచ్చం మీరు గీసినట్టే చాప మీద గీస్తూ ఆడేవాడు. నేను ఒక్కసారి కూడా అందివ్వలేదు. ఈరోజు అందరి ముందూ వాడే పట్టుకుంటే మీరు సంతోషిస్తారని చెప్పకుండా ఉంచాను."

అక్క పీట లాక్కుని కూర్చుంది.

"ఈమధ్యే ఏమైందో మరి," అంది వెనింగ్, చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ. "దాంతో ఆడటమే మానేశాడు. తియ్యగానే నోట్లో పెట్టుకుంటాడు, ఏడుస్తాడు, విసిరేస్తాడు. పళ్ళొస్తున్నాయేమో అనుకున్నాను."

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఉన్నది బతిమాలుకోవడం. బెల్లం సంగతి నా నోటిదాకా వచ్చింది. కోపం వచ్చింది, అంతకు మించి జాలేసింది. నేను గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

"అవును తల్లీ," అంది అక్క. "పళ్ళే అయ్యుంటాయి."