అర్ధగంట రూలు

మా నాయన చేసిన బొమ్మ విమానాన్ని చూస్తే నవ్వొస్తాది. నవ్వుకోండి, నేనూ నవ్వినాను. తోక వంకర, ఒక రెక్క లావు, ఇంకో రెక్క సన్నం. ముక్కుకు మాత్రం నిజమైన ఇంజను ఉండాది, పిడికిలంత. పదిహేనేండ్లు దాన్ని తుడిచి, గుడ్డలో చుట్టి, బీరువా మీద పెట్టినాడే గానీ ఒక్కసారి కూడా స్టార్ట్ చెయ్యలేదు. "ఎప్పుడు నాయనా?" అంటే "రేపు" అనేవాడు. ఆ రేపు రాకముందే, పోయిన డిసెంబరులో ఆయనే పోయినాడు.

నాయన పేరు సెబాస్టియన్. చాంపియన్ రీఫ్ బంగారు గనిలో డైనమైట్ తూటాలు పేల్చే పని. ఆ పనిలోనే కుడిచేతికి మూడు వేళ్లు పోయి రెండు మిగిలినాయి. నేను జెసింతా, ఆండర్సన్‌పేటలో టైలర్ని. క్రిస్మస్‌కు పద్నాలుగు జాకెట్లు ఒప్పుకోనుండాను. కాబట్టి నాకు కావాల్సింది ఇంతే: నాయన ఇంజను ఒక్కసారన్నా పలకాల, నా పది వేళ్లూ నాకే ఉండాల.

తమక అనే ఊర్లో ఇట్లాంటి విమానాలు ఎగరేసే గాడ్విన్ అని ఒకాయన ఉండాడు. ఫోన్ చేస్తే ముందు బాగా భయపెట్టినాడు, ఆమీద చెప్పినాడు.

"అక్కా, ఒకరు వెనకనుంచి తోకను గట్టిగా పట్టుకోవాల. ముక్కు దగ్గర తిరిగే ఫ్యానుకు ఎదురుగా గానీ పక్కన గానీ ఎవరూ నిలబడరాదు. వేలితో తిప్పొద్దు, కర్రతో తిప్పండి. ఇంజను వేడెక్కేదానికి దాని నెత్తిన బ్యాటరీ క్లిప్పు పెడతాం కదా, స్టార్టయినాక దాన్ని వెనకనుంచే తియ్యాల. ఫ్యాను మీదుగా చెయ్యి చాపితే ఆ చెయ్యి ఇంగ మీది కాదు. చున్నీ గిన్నీ వేసుకోని రావద్దు."

తోక పట్టుకునేదానికి రామాంజినప్ప మామ తప్ప నాకెవరూ దొరకలేదు. నాయనకు గనిలో జతగాడు. డెబ్బై రెండేండ్లు. గని మూసి ఇరవై ఏండ్లు దాటిపోయె, ఈయన షిఫ్టు మాత్రం ఇంకా అయిపోలేదు. ఇంట్లో గీజరు స్విచ్చేసినా పేలుతాదేమోనని పెండ్లాన్ని తీసుకోని వాకిట్లోకొచ్చి నిలబడతాడు.

పొద్దున ఏడింటికి గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కింద బయల్లో కలిసినాము. మామ చేతిలో విజిల్, ఎర్రజెండా. జెండా వాళ్ల నారాయణమ్మత్త జాకెట్టు, నేను కుట్టిందే. నా నెత్తిన ఒక పాత హెల్మెట్ పెట్టినాడు.

"ఈడ నెత్తిన పడేదేముంది మామా, ఆకాశమా?"

"నోరు మూసుకోని పెట్టుకో."

గనిలో తూటా ముట్టించే ముందు మాదిరే విజిల్ ఊది, నాలుగు దిక్కులకూ తిరిగి మూడుసార్లు "ఫైర్!" అని అరిచినాడు. మేకలు రెండు తలెత్తి చూసి మళ్లా మేసుకున్నాయి. నేను ఆయిలు పోసి, క్లిప్పు పెట్టి, కర్రతో ఫ్యాను తిప్పినాను. పదిసార్లు తిప్పితే ఒక్కసారి 'పుస్' అనింది, అంతే. ఏమాయెనో చూద్దామని వంగినానో లేదో, మామ నా కాలరు పట్టి వెనక్కి లాగినాడు.

"మిస్‌ఫైర్! పేలకపోతే అర్ధగంట ఎవరూ దగ్గరికి పోరాదు!"

"ఇది డైనమైట్ కాదు మామా, బొమ్మ!"

"పేలేదేదైనా పేలేదే. నిదానమే ప్రధానం."

"ఆలస్యం అమృతం విషం. అదీ పెద్దోళ్లు చెప్పిందే!"

వింటే కదా! తోకను గూటానికి కట్టేసి, నన్ను నలభై అడుగుల దూరం తీసుకోనిపోయి బండ మీద కూర్చోబెట్టినాడు. గడియారం చూసుకుంటా ముప్పై నిమిషాలు. పోయి మళ్లా తిప్పినాను. ఈసారి 'పుస్' కూడా లేదు. మళ్లా విజిల్, మళ్లా బండ. ఎండెక్కతాండాది, ఇంట్లో జాకెట్లు అట్లే పడుండాయి. అప్పుడు వెలిగింది నా బుర్రకు.

"అయ్యో మామా! క్లిప్పు దానికే ఉండాది! బ్యాటరీ ఇంతసేపూ ఊరికే కాలిపోతాండాది. ఇంజనుకేమీ కాలేదు, మన అర్ధగంటే బ్యాటరీని చంపేసె! వదులు, పోయి పీకేస్తాను."

"చస్తే చావనీ. బ్యాటరీయే కదా."

నాకు నెత్తికెక్కింది. నోటికొచ్చింది అనేసినాను. "ఇన్ని రూల్సు తెలిసినోడివి, మా నాయన వేళ్లు పొయ్యేటప్పుడు యాడ పోయినావు?"

మామ గడియారం మీదనుంచి కండ్లు తియ్యలేదు.

"పక్కనే ఉండినాను," అన్నాడు. "తొమ్మిది తూటాలు ముట్టించినాము. పేలేటివి లెక్కపెట్టేది నా పని. ఎనిమిదే విన్నాను. పైన క్యాంటీన్లో బజ్జీలు అయిపోతాయని తొందర. తొమ్మిదో దాన్ని కూడా విన్నట్టే ఉండాదిలే అనుకోని 'తొమ్మిది' అని అరిచినాను. నా మాట నమ్మి మీ నాయన లోపలికి పోయినాడు. ఎనిమిది అనింటే అర్ధగంట కూర్చోనుంటాము, పాపా."

"నేనే తొందరపడితి, నాదే తప్పు" అని నాయన బతికినన్నాళ్లూ చెప్పినాడు. ఈ మనిషి మా ఇంట్లోనే కాఫీ తాగుతా ఆ మాట విన్నాడు.

"నాయనకు తెలుసా?"

"ఆస్పత్రిలోనే చెప్పినాను. 'బయట అనొద్దురా, నీ పని పోతాది' అన్నాడు."

ఒళ్లు మండింది. హెల్మెట్ తీసి ఆయన నెత్తిన వేద్దామనిపించింది. బజ్జీలంట, బజ్జీలు! మా అమ్మ నెలల తరబడి నాయనకు అన్నం కలిపి తినిపించింది. నాయన క్షమించినాడంటే అది ఆయన గొప్పతనం, నాకు అంత లేదు. అయినా లేచి పోలేదు. ఇంకా పన్నెండు నిమిషాలు ఉండె. ఆయన పక్కనే కూర్చున్నాను.

టైమయినాక మామే అన్నాడు, "ముందర్నుంచి కాదు, వెనకనుంచి పో."

వెనకనుంచే పోయి క్లిప్పు తీసినాను. విమానాన్ని బోర్లించి ఎక్కువైన ఆయిలు కారనిచ్చినాను. స్కూటీ డిక్కీలోనుంచి ఇంకో బ్యాటరీ తెచ్చినాను.

"ఈసారి పలక్కపోతే ముందు క్లిప్పు తీసి, ఆమీద అర్ధగంట," అన్నాను. "సరేనా?"

"సరే," అన్నాడు. రూలు మార్చడం ఆయన జన్మలో అదే మొదటిసారి అయ్యుంటాది.

ఆయన మోకాళ్ల మీద కూర్చోని రెండు చేతులతో తోక పట్టుకున్నాడు. ఈసారి "ఫైర్!" నేనే అరిచినాను, మూడుసార్లు, గొంతు చించుకోని. కర్రతో ఒక తిప్పు. రెండు. మూడోదానికి గుయ్యిమని లేచింది చూడండి, అమ్మో! మేకలు దిబ్బెక్కి పారిపోయినాయి. ఇంత ముక్కు నుంచి అంత గోల ఎట్లొస్తాదో! చుట్టు తిరిగి విమానం వెనక్కొచ్చి, ఫ్యానుకు దూరంగా చెయ్యి పెట్టి క్లిప్పు పీకినాను. వేళ్లు చూసుకున్నాను. పదీ ఉండాయి.

మామ మొగమంతా ఆయిలు తుంపర్లు. పెదాలు కదుల్తాండాయి గానీ ఆ గోలలో ఏమీ వినపళ్లేదు. వెనకనుంచే వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టినాను.

"తొమ్మిది," అంటాండాడు. "తొమ్మిది, పాపా. ఈసారి విన్నాను."

"నేనూ విన్నాను మామా," అని అరిచినాను. "ఇంగ ఏడ్చింది చాలు. తోక గట్టిగా పట్టుకో."