కడోదరా పందెం

ఆ వానాకాలం ఉధ్నాలో ఖాడీ అని పిలిచే మురుగువాగు పొంగి గల్లీలోకి నీళ్ళు వచ్చినప్పుడు, జమునకు తన ఒంటి బరువెంతో తెలిసింది. కింది గదుల్లో ఉండేవాళ్ళంతా పక్కింటి ప్రహరీ ఎక్కి, అక్కడినుంచి మేడ మీదికి చేరుకుంటున్నారు. జమున గోడమీద రెండు చేతులూ ఆనించి ఎన్నిసార్లు ఎగిరినా పైకి రాలేకపోయింది. చివరికి నలుగురు మగవాళ్ళు పట్టి లేపితే గోడ దాటింది. నీళ్ళు తీసిపోయాక గల్లీవాళ్ళు ఆ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు. జమున కూడా నవ్వింది. కానీ పూటకు నలభై మందికి చపాతీలు వత్తే చేతులు తన ఒక్క ఒంటిని లేపలేకపోయాయన్న మాట ఆమెను లోపల గుచ్చుతూనే ఉంది.

సిరిసిల్ల వైపు నుంచి గుజరాత్‌కు వచ్చి మగ్గాల కార్ఖానాల్లో పనిచేసే మగవాళ్ళకు ఆమె తమ ఇంట్లోనే మెస్ నడుపుతుంది. భర్త అంబదాస్ కూడా మగ్గాల మీదే పనిచేస్తాడు. ఆ మెస్‌లో భోంచేసే ఒకే ఒక్క ఆడపిల్ల అనురాధ. జమ్మికుంట అమ్మాయి, ఉధ్నా స్టేషన్‌లో టికెట్లిచ్చే కౌంటర్లో ఉద్యోగం, పై అంతస్తులో అద్దెకుంటుంది. దసరా వెళ్ళిన కొద్ది రోజులకు అనురాధ భోంచేస్తూ తన బాధ చెప్పుకుంది. జనవరిలో కడోదరా అనే ఊరు దాటాక పొలాల్లో ఓ పరుగు పందెం ఉందట. మామూలు పరుగు కాదు, దారి పొడవునా అడ్డంకులు పెడతారట. ఇద్దరిద్దరు జట్టుగా పరిగెత్తాలి. తనతో పేరిచ్చిన స్నేహితురాలికి వేరే ఊరికి బదిలీ అయింది.

ఏమేం అడ్డంకులని జమున అడిగింది. ముళ్ళతీగ కింద బురదలో పాకడం, ఇసుక బస్తా మోయడం, ఇనప కడ్డీలు పట్టుకుని వేలాడుతూ గుంట దాటడం, మనిషికంటే ఎత్తున్న చెక్కగోడ ఎక్కడం అని అనురాధ చెప్పింది. గోడ మాట వినగానే జమున చేతిలోని గరిటె ఆగిపోయింది.

"నేను వస్త" అంది.

అనురాధ తమాషా అనుకుంది. రెండోరోజు పొద్దున జమున పంజాబీ డ్రెస్ వేసుకుని, అంబదాస్ పాత బూట్లలో గుడ్డ కుక్కుకుని మెట్ల దగ్గర నిలబడేసరికి నమ్మక తప్పలేదు.

మొదట్లో అంతా సులువుగానే నడిచింది. దీపావళికి కార్ఖానాలు మూసేశారు. మెస్ కుర్రాళ్ళంతా ఊళ్ళకు పోయారు. ఎప్పుడూ టెంపోలతో కిక్కిరిసే కార్ఖానాల రోడ్డు ఖాళీగా పడుంది. ఆ రోడ్డు మీద జమున పరిగెత్తడం నేర్చుకుంది. మొదటిరోజు మలుపు దాకా పోయి, ఆయాసంతో షట్టర్ ముందు కూలబడింది. సెలవులు అయిపోయే నాటికి ఆ మలుపు దాటి పెద్ద రోడ్డు దాకా పోయి వస్తోంది. మేడ మీద నీళ్ళట్యాంకుకు అడ్డంగా ఉన్న ఇనప పైపు పట్టుకుని ఇద్దరూ వేలాడేవాళ్ళు. జమున చేతులు పట్టుకున్న మరుక్షణమే జారిపోయేవి. మళ్ళీ పట్టుకునేది.

మగ్గాలు మళ్ళీ మొదలయ్యాక అసలు కష్టాలొచ్చాయి. చపాతీలు వత్తడానికి వచ్చే భాగ్యలక్ష్మి కూతురి కాన్పుకని ఊరికి పోయింది. పనంతా జమున మీద పడింది. పొద్దున వీలు కాలేదు. మధ్యాహ్నం వంట ముగిశాక తీరిక దొరికేది గానీ ఆ వేళకు దగ్గర్లోని పార్కు గేటుకు తాళం వేసి ఉండేది, రోడ్డు నిండా టెంపోలు. అందుకని మెట్లే దిక్కయ్యాయి. పిండి బస్తా భుజాన వేసుకుని కింది నుంచి మేడ దాకా ఎక్కేది, దిగేది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు గోడకు అతుక్కుని దారిచ్చి, వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

ఒకరోజు పప్పులో పోపు వేస్తుంటే కడాయి జారింది. మరిగే నూనె కుడి అరచేతి మీద పడింది. డాక్టరు కట్టుకట్టి, ఆ చెయ్యి తడపొద్దన్నాడు. వంట ఎడమచేత్తో సాగించింది. అన్నం ఆలస్యమైంది. ఇద్దరు కుర్రాళ్ళు వేరే మెస్ చూసుకున్నారు.

వాళ్ళు పోయిన సాయంత్రం అంబదాస్ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి దగ్గరికి వచ్చాడు. మగ్గాల చప్పుడులో బతికినవాడు కాబట్టి ఇంట్లో అతను మామూలుగా తక్కువ మాట్లాడతాడు. ఆ రోజు ఊరుకోలేకపోయాడు.

"కార్ఖానల అందరు అడుగుతున్నరు. మీ ఇంటామె గోడలెక్కుడు నేర్చుకుంటున్నదట గదా అని. నేనేం చెప్పాలె?"

"నేర్చుకుంటున్నదని చెప్పు."

"ఇద్దరు పోయిండ్రు. రేపు ఇంకిద్దరు పోతరు. గీ వయసుల నీకిది అవసరమా?"

జమున కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "ఏళకు అన్నం పెట్టుడు నా పని. దాన్ల తప్పు జరిగింది, ఇగ జరగనియ్య. కానీ గిది మాత్రం ఇడువ. ఆ దినం నలుగురు నన్ను బస్తా లేపినట్టు లేపిండ్రు. నువ్వు సూసినవ్. నాకెట్లుండెనో నువ్వు అడగలె."

ఆ రోజు ఖాడీ నీళ్ళలో నిలబడి ఆమె కాళ్ళు పట్టి లేపినవాళ్ళలో అంబదాస్ కూడా ఒకడు. మరునాడు డ్యూటీకి పోయేముందు ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చున్నాడు. ముక్కలు ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చాయి. జమున వాటినలాగే కూరలో వేసింది.

కట్టు విప్పాక అరచేతి చర్మం గులాబీరంగులో పలచగా తేలింది. పైపు పట్టుకుంటే మంట పుట్టేది. చేతికి గుడ్డ చుట్టుకుని వేలాడింది. డిసెంబరు చలి ముదిరేసరికి పైపు పట్టుకుని గడ్డం దాకా ఒకసారి లేవగలిగింది. అది చూసినవాళ్ళెవరూ లేరు. ఆరేసిన బట్టల మధ్య ఒక్కతే నిలబడి నవ్వుకుంది.

పందెం దగ్గర పడ్డాక అనురాధకు జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గినా కీళ్ళ నొప్పులు తగ్గలేదు. మెట్లు దిగడానికే రెయిలింగు పట్టుకునేది. జమున కిచిడీ పట్టుకుని పైకి పోయినప్పుడు ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, మనతోని కాదు. పేర్లు తీసేయమని ఫోన్ చేస్త. వచ్చే ఏడు చూద్దాం" అంది.

"వచ్చే ఏడు ఎవరెక్కడుంటరో. నీకు బదిలీ అయితదేమో."

"నేను ఉరకలేనక్కా."

"ఉరకలేకుంటె నడుద్దాం. నడవలేకుంటె జర కూసోని లేద్దాం. ఎవరన్న ఎల్లగొడితె అప్పుడొద్దాం. ముందుగాలనైతె తిను."

అనురాధ లేచి కూర్చుని కిచిడీ తింది. ఫోన్ చేయలేదు.

పందెం రోజు ఆదివారం. మధ్యాహ్నం వంట తను చూసుకుంటానని అంబదాస్ ముందురోజే చెప్పాడు. కడోదరాలో బస్సు దిగి, ఆటోలో పొలాల దగ్గరికి పోయేసరికి అక్కడ సంబరంలా ఉంది. జిమ్ముల కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు, ఒకే రంగు చొక్కాలేసుకున్న ఆఫీసు గుంపులు. జమున వయసు ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. ఆమె బూట్ల తాళ్ళు మళ్ళీ బిగించుకుంది. అంతలో ఈల మోగింది.

పరుగులో చాలామంది వాళ్ళను దాటుకుపోయారు. జమున తొందరపడలేదు. అనురాధ ఆగినప్పుడు ఆగింది, లేచినప్పుడు లేచింది. తీగ కింద పాకేటప్పుడు బురద ముక్కులోకి పోయింది. ఇసుక బస్తాలు వచ్చినప్పుడు మాత్రం జమున తన బస్తా అవతల పడేసి, తిరిగొచ్చి అనురాధది కూడా ఎత్తుకుంది. జట్టుకు అంత వెసులుబాటు ఉంది.

గోడ దగ్గర జమున వంగింది. అనురాధ ఆమె వీపెక్కి, అంచు పట్టుకుని అవతలికి దిగింది. ఇక జమున వంతు. ఎగిరింది, వేళ్ళు అంచుకు తగిలి జారాయి. మళ్ళీ ఎగిరింది. ఈసారి వేలాడింది గానీ గడ్డం దాకానే రాగలిగింది. కిందికి పడింది. వెనకున్న ఓ గుజరాతీ ఆవిడ మోకాలు వంచి, "చలో బెన్, పగ్ మూకో" అని తన తొడ చూపించింది, కాలు పెట్టమని. జమున ఒక్క క్షణం తటపటాయించింది. అటూ ఇటూ చూస్తే కండలు తిరిగిన కుర్రాళ్ళు కూడా ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతున్నారు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వడంలేదు. కాలు పెట్టి, అంచు పట్టుకుని, మిగతాది తన చేతులతోనే లేచింది. అంచుమీద బోర్లా పడుకుని, ఆ ఆవిడకు చెయ్యందించి పైకి లాగింది.

కడ్డీల దగ్గర సాయానికి తావు లేదు. కింద బురదగుంట, పైన వరసగా ఇనప కడ్డీలు. సగం దూరంలో జమున చెయ్యి జారి గుంటలో పడింది. చేతకానివాళ్ళు పక్కనుంచి చుట్టూ పరిగెత్తి పోవచ్చని అక్కడున్న నిర్వాహకుల కుర్రాడు హిందీలో చెప్పాడు. అనురాధకు ఎలాగూ వేలాడే శక్తి లేదు, చుట్టు తిరిగి అవతల నిలబడింది. జమున మళ్ళీ వరసలోకి పోయింది. రెండోసారి ఇంకొంచెం ముందుకు పోయి పడింది. కాలిన చోట చర్మం చిట్లింది. అనురాధ అవతలినుంచి వచ్చెయ్యక్కా, చాలు అంటోంది.

జమున గుంట గట్టున ఉన్న పొడిమట్టి గుప్పెళ్ళతో తీసి చేతులకు రుద్దుకుంది. బురద ఆరి రాలిపోయేదాకా రుద్దింది. కడ్డీ కడ్డీకి ఆగి ఊపిరి తీసుకోవడమే తన తప్పని అప్పటికి అర్థమైంది. మూడోసారి ఆగలేదు. ఒంటి ఊపు చల్లారకముందే తర్వాతి కడ్డీ అందుకుంది. కళ్ళలో చెమట, చేతిలో మంట. కింద ఏముందో చూడలేదు. కాళ్ళకు గట్టు తగిలాక కూడా ఆఖరి కడ్డీ వదల్లేదు. అనురాధ వచ్చి వేళ్ళు విడదీసింది.

ఆఖరి గీత ఇద్దరూ నడుచుకుంటూ దాటారు. వాళ్ళ వెనక ఇంకా కొందరున్నారు, ముందు మాత్రం చాలామందే పోయారు. మెడలో పతకం వేయించుకుని, నీళ్ళ ట్యాంకరు కుళాయి కింద మొహాలు కడుక్కున్నారు. బస్సులో కండక్టరు వాళ్ళ బట్టలు చూసి సీట్ల మీద కూర్చోవద్దన్నాడు. నిలబడే వచ్చారు. పైన కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి లేవక, జమున అనురాధ భుజం పట్టుకుంది. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది, ఉధ్నా వచ్చేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి అంబదాస్ పొయ్యి ముందే ఉన్నాడు. పప్పులో ఉప్పు ఎక్కువైందని, కుర్రాళ్ళు మజ్జిగ పోసుకుని తిన్నారని తనే చెప్పేశాడు. ఆమె అరచెయ్యి చూసి, పసుపు డబ్బా తెచ్చి పక్కన పెట్టాడు.

"గోడెక్కినవా?"

"ఎక్కిన. ఒకామె కాలుకింద సాయం పట్టింది. కడ్డీలు మాత్రం నేనే దాటిన. రెండుసార్లు పడ్డంక."

అంబదాస్ తలూపాడు. మూడోసారి ఎట్లా దాటావని అడిగాడు. జమున చెప్పసాగింది. అతను స్టవ్ చిన్నగా చేసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని విన్నాడు.

ఆ రాత్రి చపాతీల్లేవు, అన్నమే. లక్ష్మీరాజం అనే పెద్దాయన ఒక్కడే చపాతీ లేకుంటే కడుపు నిండదని గొణిగాడు. జమున వేళ్ళు ముడుచుకోక, గరిటెను రెండు చేతులతో పట్టుకుని వడ్డిస్తూ, రేపు చేస్తనని చెప్పింది.