బుడగ లేదు

రేడియేటర్ల మేస్త్రి ఇంట్లో ఆఖరి మాట ఇల్లాలిది. భర్త అతికిన ప్రతి రేడియేటర్‌నూ ఆవిడే నీళ్ళ తొట్టిలో ముంచి, గాలి కొట్టి చూసి "బుడగ లేదు" అనాలి. ఆ మాట పడ్డాక ఇంకెవరూ నోరెత్తరు.

ఈసారి పని సొంత మరిదిది. చిట్టి కారులో వ్యాను ఇంజను దూర్చాడు. అంతా పట్టింది గానీ రేడియేటర్ రెండు వేళ్ళెత్తు పైకి నిలిచి బానెట్ మూతపడలేదు.

"కోసెయ్ అన్నయ్యా. పన్ను ఎత్తయిందని నోరు తెరుచుకుని ఊరేగుతామా?" అన్నాడు మరిది.

మేస్త్రి పై డబ్బా కోసి, నీళ్ళు పోసే మూతిని పక్కకు దించి అతికాడు. ఆవిడ ముంచి చూసింది. బుడగ లేదు. అదే అంది.

బిగించాక చూస్తే ఆ మూతి ఇంజను తల కంటే కిందికి ఉంది.

"ఏమండీ, నీళ్ళు మూతి దాకానే నిండుతాయి, పైన చిక్కిన గాలి ఎటు పోతుంది? తల మీద సన్న గొట్టం ఒకటి పెట్టండి."

"పెడితే బానెట్ మళ్ళీ తెరుచుకునే ఉంటుంది," అన్నాడు మేస్త్రి.

"పాసు చేసింది మీరే కదా వదినా," మరిది నవ్వాడు.

అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఆవిడకు నోరు రాలేదు. కూతురు అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. కొండెక్కి వచ్చేస్తామంటూ మరిది కారు కదిలించాడు.

అరగంట ఎలాగో గడిచింది. చేతులు తుడుచుకుని కూతురికి ఫోను చేసింది.

"వేడి చూపే సూది ఎక్కడుంది?"

"అడుగునే ఉందమ్మా. బయల్దేరినప్పటినుంచీ కదల్లేదు. బాబాయి మురిసిపోతున్నాడు."

కొండ ఎక్కే ఇంజను వేడెక్కకుండా ఎలా ఉంటుంది? ఇంజనులో ఆ సూదిని కదిపే బుడిపెకు నీళ్ళు తగలడం లేదు, గాలి తగులుతోంది.

"ఆపమను. ఇప్పుడే."

"ఆపేశాం. ఏదో తియ్యటి వాసనొస్తోంది, నీళ్ళలో కలిపిన కూలెంట్‌దేమో. నీళ్ళు చూస్తానని బాబాయి బానెట్ ఎత్తాడు."

"రేడియేటర్ మూత ముట్టుకోనివ్వకు. పట్టుకో వాణ్ణి, లాగెయ్."

ఫోను ఎక్కడో పడింది. పరుగు. తర్వాత బుస్సుమని ఒకటే చప్పుడు, ఆగదే.

మేస్త్రి చేతిలో పని వదిలేసి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎంతసేపటికో కూతురి గొంతు వినిపించింది, రొప్పుతూ.

"చొక్కా పట్టుకుని లాగేశానమ్మా. బాబాయి చెయ్యి కొద్దిగా కాలింది. మొహం బాగానే ఉంది."

"నువ్వు?"

"బాగానే ఉన్నా. మూత ఎటెగిరిందో తెలీదు. ఆవిరి ఇంకా వస్తూనే ఉంది."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "పాసు చేసింది నేనే," అంది.